దీపం పెట్టకముందు

స్విచ్చి వేయకు వియెస్వావా,
కాసేపు ఆగు.
నా చూపు బాగానే ఉంది.
మసకబారింది నేను కాదు, బయట నీళ్ళు.

నవంబరులో కొండ చాటుకు పోయిన సూర్యుడు
జనవరి చివరిదాకా ఈ వీధి మొహం చూడడు.
అన్నాళ్ళూ పగలంటే ఏముంది,
పొద్దుటి సంజ, సాయంత్రపు సంజ
ఇరుకు సందులో ఎదురుపడి
భుజాలు రాసుకుంటూ తప్పుకోవడమే.

మా లోయలో కిరసనాయిలు
మందులా కొలిచి పోసేది అవ్వ.
థోర్కట్ల ఆమె పేరు.
కొట్టంలో గొర్రెలకు మేత వేసి వచ్చాక,
దీపం పెట్టే వేళ ఇంకా కాలేదనగా,
పచ్చికగడ్డల కప్పు కింద ఒక్క గదిలో
పదకొండుమందిమి నడుం వాల్చేవాళ్ళం,
తడి మేజోళ్ళు మాత్రం విప్పి.
మసకనిద్ర అనేవారు దాన్ని.
బద్ధకం అనుకునేవు. లెక్క.
చూడ్డానికి వెలుగు చాలదు,
దీపానికి చీకటి చాలదు,
మధ్యనున్న ఆ గంటని
కళ్ళు మూసుకుని దాటేయడం.

నాకు నిద్రొచ్చేది కాదు.
కిటికీ అంటే దోసిలంత గాజు,
అందులో నీలం చిక్కబడేది
కుండలో పాలు తోడుకున్నట్టు.
పక్కలో తమ్ముడి మోకాలు,
ఎవరిదో గురక, తడి ఉన్ని వాసన,
అవ్వ చేతిలో సూదుల టిక్కుటిక్కు.
చీకట్లోనూ కుట్లు లెక్కపెట్టే వేళ్ళు ఆమెవి.
నేను మేలుకునే ఉన్నానని తెలిసి
గొంతు తగ్గించి చెప్పేది:
"ఈ వేళప్పుడే బండరాళ్ళకు తలుపులు తెరుచుకుంటాయి.
ఎవరొచ్చినా మూడుసార్లు తట్టనీ.
మూడుసార్లు తట్టేవాడు మనిషి.
ఒక్కసారి తట్టి ఊరుకుంటే
ఎవరని అడక్కు. తియ్యకు."

ఆ ఏడు తప్పిపోయిన రెండు గొర్రెల కోసం
పాలేరు బెర్గ్‌స్వేన్ పై కనుమకు వెళ్ళాడు.
తెల్లారకుండా వెళ్ళినవాడు.
మంచు అడ్డంగా కొడుతోంది.
ఇల్లంతా మసకనిద్రలో ఉంది.
అప్పుడు తలుపు మీద
ఒక్క దెబ్బ.

సూదులు ఆగాయి.
రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాను.
గాలి.
కుక్క గుర్రుమని, మళ్ళీ ఊరుకుంది.
రెండోది రాలేదు.

అవ్వ లేచింది.
అగ్గిపుల్ల గీసింది, గంట ముందే.
అంత దుబారా ఆ ఇంట్లో
అంతకు ముందు చూడలేదు నేను.
దీపం ఒక చేతిలో, పెదవుల మీద ఏదో ప్రార్థన,
రెండో చేత్తో గడియ తీసింది.

గడప మీద పడి ఉన్నాడు బెర్గ్‌స్వేన్,
పిడికిలి ఇంకా బిగిసే ఉంది,
రెండోసారి ఎత్తడానికి ఓపిక లేక.

రెండు వేళ్ళు పోయాయి, మనిషి దక్కాడు.
గొర్రెలు దొరకలేదు.
ఆ రాత్రి పుస్తకం చదవడానికి చమురు మిగల్లేదు,
చీకట్లో కూర్చుని
అతని పళ్ళు టకటక కొట్టుకోవడం విన్నాం అందరం.
అవ్వ మళ్ళీ ఎప్పుడూ
ఆ మూడు తట్ల మాట ఎత్తలేదు.
తప్పని కూడా చెప్పలేదు.

నవ్వుతున్నావెందుకు?
మీ ఊళ్ళోనా? బూడిదరంగు గంట అనేవారా?
మీ అమ్మమ్మ దీపం పెట్టకుండా
పొయ్యి తలుపు తెరిచి ఆ ఎర్రని వెలుగులో
దిండ్లకోసం బాతు ఈకలు ఒలిచేదా?
మరి మూడేళ్ళుగా
రోజూ వచ్చి టక్కున స్విచ్చి వేస్తావేం!

కూర్చో. మంచం అంచున చాలు.
ఆ సెల్‌ఫోను బోర్లించు.
ఎదురుగా కొండ కనిపిస్తోందా?
నాకూ అంతే,
ఉందని తెలుస్తోంది, బరువుగా.

విన్నావా,
భోజనం బండి కాబోలు.
ఒక్కసారే తట్టారు.
వెళ్ళి తియ్యి.